తప్పుల చిట్టా రాసుకున్న పనివాడు

మన ఇళ్ళలో అబ్బాయికో అమ్మాయికో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందనగానే బంధుమిత్రులు అడిగే ప్రశ్నలు సాధారణంగా రెండే. ఏ కంపెనీ? జీతం ఎంత? పని ఎలా చేస్తున్నారన్న మూడో ప్రశ్న మన నోటికి రాదు. ఉద్యోగంలో చేరిన పిల్లలను మాత్రం లోలోపల మరో బెంగ తొలుస్తూ ఉంటుంది. ఈ రంగంలో నాలుగేళ్ళకొకసారి పనిముట్లు మారిపోతున్నాయి. నలభై దాటిన వారి అనుభవానికి విలువ ఉంటుందో లేదోనన్న భయం ఉన్నది. అలాంటప్పుడు దేన్ని నేర్చుకుంటే అది జీవితాంతం తోడు నిలుస్తుంది?

ఈ ప్రశ్నకు సమాధానంగా మేము ఒక వ్యక్తి జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన పేరు డొనాల్డ్ క్నూత్. అమెరికా దేశస్థుడు. ప్రోగ్రామింగ్‌లో అరవై ఏళ్ళకు పైబడిన అనుభవం ఆయనది. ఆయన లూథరన్ సంప్రదాయానికి చెందిన క్రైస్తవుడు. మన విశ్వాసం వేరు, ఆయన విశ్వాసం వేరు. అయినా చేపట్టిన పనిని నిండుగా, నాణ్యంగా చేయటం అల్లాహ్‌కు ప్రీతికరమైన గుణమని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) మనకు బోధించారు. మన పండితులు దాన్ని 'ఇత్ఖాన్' అంటారు. ఈ రంగంలో ఆ గుణం ఎలా ఉంటుందో తెలుసుకోగోరేవారికి ఈ మనిషి పనితీరు చక్కని ఉదాహరణ.

మిల్వాకీ బాలుడు

క్నూత్ 1938 జనవరి 10న విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీ నగరంలో జన్మించారు. తండ్రి క్రైస్తవ పాఠశాలలో ఉపాధ్యాయుడు. చిన్న పాటి ముద్రణ పని కూడా చేసేవారు. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక మిఠాయి కంపెనీ పోటీ పెట్టింది. తమ మిఠాయి పేరులోని అక్షరాలతో ఎన్ని మాటలు కూర్చగలరో చెప్పాలన్నది పోటీ. బాలుడు కడుపునొప్పి సాకుతో రెండు వారాలు బడి మానేసి, పెద్ద నిఘంటువు ముందేసుకు కూర్చున్నాడు. న్యాయనిర్ణేతల జాబితాలో ఉన్నవి సుమారు 2,500 మాటలు. అతడు పట్టుకెళ్ళినవి 4,500కు పైన. బడి మానటానికి చెప్పిన సాకు మన పిల్లలకు ఆదర్శం కాదు. ఒక పని మొదలుపెడితే దాని అడుగుదాకా వెళ్ళే ఆ స్వభావం మాత్రం అప్పుడే బయటపడింది.

1956లో ఆయన క్లీవ్‌లాండ్‌లోని కేస్ విద్యాసంస్థలో భౌతికశాస్త్రం చదవటానికి చేరారు. అక్కడికి ఐబీఎం 650 అనే కంప్యూటర్ వచ్చింది. దాన్ని వాడే విధానం చెప్పే పుస్తకం చదివి, అందులోని ప్రోగ్రాములను ఇంతకంటే బాగా రాయవచ్చునని ఆయనకు అనిపించింది. రాత్రులు ఆ యంత్రం దగ్గరే గడిచాయి. కళాశాల బాస్కెట్‌బాల్ జట్టులో ఒక్కొక్క ఆటగాడు ఆటకు ఎంత తోడ్పడ్డాడో లెక్కగట్టే ప్రోగ్రామ్ రాస్తే, ఆ వార్త పత్రికలకూ టెలివిజన్‌కూ ఎక్కింది. 1960లో పట్టా ఇచ్చే వేళ అధ్యాపకులు ప్రత్యేకంగా తీర్మానించి, బ్యాచిలర్ పట్టాతో పాటు మాస్టర్స్ పట్టాను కూడా ఒకేసారి అందజేశారు. 1963లో కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో గణితంలో డాక్టరేట్ పొందారు. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయన కర్మభూమి అయింది.

ఒక పుస్తకం, ఒక జీవితం

1962లో ఆయనకు ఇరవై నాలుగేళ్ళు. ఇంకా విద్యార్థి. అంతకు ముందు సంవత్సరమే జిల్ అనే యువతితో వివాహమైంది. ఒక ప్రచురణ సంస్థ వచ్చి, కంపైలర్ల మీద పుస్తకం రాయమని అడిగింది. మనం రాసే ప్రోగ్రామును యంత్రానికి తెలిసే భాషలోకి మార్చే సాధనమే కంపైలర్. ఆయన ఒప్పుకొని పన్నెండు అధ్యాయాల ప్రణాళిక వేసుకున్నారు. 1965 నాటికి చేతిరాత మూడు వేల పుటలు దాటింది. దాన్ని ఒక్క పుస్తకంగా అచ్చువేయటం అసాధ్యమని తేలి, ఏడు సంపుటాలుగా తీసుకురావాలని నిర్ణయించారు. అదే 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్'. మొదటి సంపుటం 1968లో, రెండవది 1969లో, మూడవది 1973లో వెలువడ్డాయి. 1974లో కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు ఆయనను వరించింది. నాలుగో సంపుటపు మొదటి భాగం 2011లో, రెండో భాగం 2022లో వచ్చాయి. రెండో భాగం వచ్చేనాటికి ఆయనకు ఎనభై నాలుగేళ్ళు.

ఇన్నేళ్ళూ ఆ పుస్తకం పాతబడకుండా నిలవటానికి ఒక కారణమున్నది. ఆయన ఏదో ఒక కంపెనీ పనిముట్టును నేర్పలేదు. పేర్లను వరుసలో పెట్టటం ఎలా, రాశిలో ఒకదాన్ని వెదకటం ఎలా, అందుకు ఎన్ని అడుగులు పడతాయి, అంతకంటే తక్కువ అడుగుల్లో చేయగలమా అన్న మూల ప్రశ్నలను తీసుకున్నారు. ప్రతి పద్ధతికీ గణిత పరమైన లెక్క కట్టారు. పనిముట్లు మారినా ఆ ప్రశ్నలు మారలేదు.

ఖ్వారిజ్మ్ గడ్డ మీద

ఆ మొదటి సంపుటం ఆరంభంలోనే ఒక ముస్లిం పండితుని పేరు కనిపిస్తుంది. ఒక పనిని చేయటానికి వేసుకొనే నిర్దిష్టమైన అడుగుల వరుసను అల్గారిథమ్ అంటారు. ఆ మాట ఎక్కడిదో క్నూత్ అక్కడ వివరించారు. తొమ్మిదో శతాబ్దంలో ఖలీఫా మామూన్ కాలాన బగ్దాద్‌లోని బైతుల్ హిక్మాలో విద్యాకృషి సాగించిన ముహమ్మద్ ఇబ్నె మూసా అల్ ఖ్వారిజ్మీ పేరే లాటిన్ నోళ్ళలో నలిగి ఆ మాటగా మారింది. ఆయన గ్రంథ నామంలోని 'అల్ జబ్ర్' అన్న మాటే బీజగణితానికి ఆల్జీబ్రా అన్న పేరును ఇచ్చింది. ఆ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలకు, వారసత్వ పంపకానికి సంబంధించిన లెక్కలే. దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో నిర్ణయించిన వాటాలను ఎవరికీ అన్యాయం జరగకుండా పంచాలంటే లెక్క తప్పకూడదు. అల్ ఖ్వారిజ్మీ దృష్టిలో గణితం హక్కుదారుకు హక్కు చేర్చే సాధనం కూడా.

క్నూత్ పుస్తకంలో ఆ పండితుని కునియత్ మొదట 'అబూ జాఫర్' అని అచ్చయింది. తర్వాతి ముద్రణల్లో అది 'అబూ అబ్దుల్లాహ్'గా మారింది. వెయ్యేళ్ళ క్రిందటి మనిషి పేరులోని ఒక్క మాటను కూడా సరిదిద్దుకొనే శ్రద్ధ ఇది.

1979 సెప్టెంబరులో ఉజ్బెకిస్తాన్‌లోని ఉర్గెంచ్ పట్టణంలో అల్గారిథమ్‌ల గురించి అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఉర్గెంచ్ ఆ ప్రాచీన ఖ్వారిజ్మ్ గడ్డ మీద ఉన్న ఊరే. అప్పట్లో అది సోవియట్ పాలనలో ఉండేది. అమెరికా, సోవియట్ దేశాల మధ్య వైరం నడుస్తున్న ఆ రోజుల్లోనే క్నూత్ అక్కడికి వెళ్ళారు. సోవియట్ శాస్త్రజ్ఞుడు ఆండ్రేయ్ యెర్షోవ్‌తో కలిసి ఆ సదస్సు ప్రసంగాలను పుస్తకంగా కూర్చారు. తన విద్య ఎవరి నుంచి వచ్చిందో తెలుసుకొని, ఆ ఋణాన్ని ఒప్పుకోవటం విద్యావంతుని మర్యాద. మన పూర్వీకుల పేరు చెప్పుకొని గర్వించే మనం, వారి పుస్తకాల్లో ఏమున్నదో తెలుసుకోవటానికి ఎంత శ్రమ పడుతున్నామో ఆలోచించుకోవాలి.

పదేళ్ళు పట్టిన పక్కదారి

1977లో రెండో సంపుటం కొత్త ముద్రణ ప్రూఫులు ఆయన చేతికి వచ్చాయి. అంతవరకు సీసపు అక్షరాలతో అందంగా అచ్చయిన పుస్తకం, కొత్తగా వచ్చిన ఫొటో కంపోజింగ్‌లో చూడలేనంత వికారంగా తయారయింది. ఇంకొకరైతే ప్రచురణకర్తతో పోట్లాడి ఊరుకొనేవారేమో. ఈయన పుస్తకరచన ఆపి, పుటలను తీర్చే ప్రోగ్రామ్ తానే రాయటానికి పూనుకున్నారు. ఒక సంవత్సరంలో అయిపోతుందనుకున్నారు. దాదాపు పదేళ్ళు పట్టింది. ఆ ప్రోగ్రామ్ పేరు టెక్. దానికి అక్షరాలను గీసిచ్చే మరో ప్రోగ్రామ్ మెటాఫాంట్.

ఆ పనిలో ఆయన నేర్చుకున్న పాఠమొకటి ప్రతి ప్రోగ్రామరూ గుర్తుంచుకోదగినది. మొదట నమూనా మాత్రం తయారుచేసి, ప్రోగ్రామ్ రాయమని ఇద్దరు విద్యార్థులకు అప్పగించి చైనా ప్రయాణం వెళ్ళారు. వారు సమర్థులే. అయినా ఆయన తిరిగివచ్చేసరికి పనిలో కొంత భాగమే పూర్తయింది. తాను స్పష్టంగా రాశాననుకున్న నమూనాలో ఎన్ని సందిగ్ధాలు మిగిలాయో స్వయంగా రాయటం మొదలుపెట్టాకే ఆయనకు తెలిసివచ్చింది. నమూనా గీసినవాడే ప్రోగ్రామ్ రాయాలి, తానే మొదట వాడి చూడాలి, దాన్ని వివరించే పుస్తకం కూడా తానే రాయాలి అన్నది అప్పటి నుంచి ఆయన నియమం.

మెటాఫాంట్‌తో ఇంగ్లీషు అక్షరమాల గీస్తుండగా 'ఎస్' అనే ఒక్క అక్షరం ఆయనను రోజుల తరబడి వేధించింది. దాని వంపులు ఏ సూత్రానికీ లొంగలేదు. చివరకు భార్య జిల్ చూసి, దాన్ని ఎస్ ఆకారంలోనే గీయవచ్చు కదా అని చమత్కరించారట. ఆ అక్షరం మీద ఆయన ఒక వ్యాసమే రాశారు.

ఇంత శ్రమపడి చేసిన టెక్‌ను ఆయన అమ్ముకోలేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదానికి వేరే పేరు పెట్టుకోవాలన్నదే షరతు. నేడు ప్రపంచంలోని గణిత, భౌతికశాస్త్ర పత్రాల్లో అధిక భాగం టెక్ ఆధారంగానే రూపొందుతున్నాయి. చెన్నై, తిరువనంతపురం వంటి మన దక్షిణాది నగరాల్లో విదేశీ శాస్త్ర పత్రికలకు దీనితో పుటలు కూర్చి ఎందరో జీవనోపాధి పొందుతున్నారు. మెటాఫాంట్‌తో మన తెలుగు అక్షరాలను కూడా మలచినవారున్నారు.

అరబీ, హీబ్రూ వంటి లిపులు కుడి నుంచి ఎడమకు సాగుతాయి. ఒకే వాక్యంలో ఇంగ్లీషూ అరబీ కలిస్తే పంక్తిని ఎలా విరవాలి, అంకెలను ఏ దిశలో రాయాలి అన్నది చిక్కు సమస్య. క్నూత్ 1987లో అరబీ లిపి తెలిసిన పండితుడు పియెర్ మెకేతో కలిసి దీనిపై పత్రం రాసి, టెక్‌ను అందుకు అనువుగా విస్తరించే మార్గం చూపారు. తనకు మాతృభాష కాని లిపిని కూడా దాని మర్యాద చెడకుండా అచ్చు వేయాలన్న పట్టుదల అది.

రెండు డాలర్ల యాభై ఆరు సెంట్లు

క్నూత్ పేరు చెప్పగానే ప్రోగ్రామర్లకు గుర్తుకు వచ్చేది ఒక చెక్కు. తన పుస్తకంలో దోషం మొదట చూపినవారికి ఆయన రెండు డాలర్ల యాభై ఆరు సెంట్లు బహుమతిగా పంపేవారు. 256 సెంట్లు అన్నమాట. కంప్యూటర్ పనిలో వాడే పదహారు మూలంగా గల అంకెల పద్ధతిలో 256ను 100 అని రాస్తారు. కనుక ఆ లెక్కన అది సరిగ్గా ఒక డాలరు. టెక్ ప్రోగ్రామ్‌లో దోషం చూపినవారికి బహుమతి ఏటా రెట్టింపవుతూ 327 డాలర్ల 68 సెంట్ల దాకా పెరిగింది. చెక్కు అందుకున్నవారిలో చాలా మంది దాన్ని బ్యాంకులో వేయలేదు. చట్రం కట్టించి గోడకు తగిలించుకున్నారు. చెక్కుల మోసాలు పెరగటంతో 2008 నుంచి ఆయన నిజమైన చెక్కులకు బదులు ధ్రువపత్రాలు పంపుతున్నారు.

అంతకంటే విలువైనది మరొకటి ఉన్నది. టెక్ రాయటం మొదలుపెట్టినప్పటి నుంచి తాను చేసిన ప్రతి తప్పునూ ఆయన ఒక చిట్టాలో రాసుకున్నారు. పదేళ్ళలో ఆ చిట్టా 850 దాటింది. వాటిని పదిహేను రకాలుగా విడగొట్టారు. పద్ధతే తప్పినవి కొన్ని. మరచిపోయినవి కొన్ని. కేవలం అక్షర దోషాలు కొన్ని. ఎవరూ ఊహించని పరిస్థితిలో బయటపడినవి కొన్ని. 1989లో ఆ చిట్టా మొత్తాన్నీ పత్రికలో అచ్చువేయించారు. ప్రపంచం తనను గురువుగా గౌరవిస్తున్న కాలంలో తన తప్పులను తానే వరుస పెట్టి చూపించారు.

ఇక్కడ మనకు ఒక హదీసు సంఘటన గుర్తుకు వస్తుంది. దైవప్రవక్త (సఅసం) అంగడిలో ధాన్యపు రాశి దగ్గర ఆగి చేయి లోపలికి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్నది, లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే తడిసినదాన్ని కొనేవారికి కనబడేలా పైన ఉంచవలసిందని ఆయన మందలించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. తెలిసిన దోషాన్ని కప్పిపుచ్చి ప్రోగ్రామును వినియోగదారుకు అప్పగించటం కూడా తడి ధాన్యాన్ని అడుగున దాచటమే. ఆసుపత్రిలో మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రామ్, బ్యాంకులో పేదవాని ఖాతాను చూసే ప్రోగ్రామ్ మన పిల్లల చేతుల మీదుగానే వెళుతున్నాయి. వాటిలోని తప్పు ఎవరి జీవితంలో తడి ధాన్యమవుతుందో రాసినవారికి తెలియకపోవచ్చు. అల్లాహ్‌కు తెలుసు.

తీర్పు దినాన లెక్క అప్పగించవలసి రాకముందే మన లెక్కను మనమే చూసుకోవటాన్ని 'ముహాసబా' అంటారు. హజ్రత్ ఉమర్ (రజి) దీన్ని ఎంతగా నొక్కి చెప్పేవారో మన పాఠకులకు తెలుసు. రాత్రి పడుకోబోయే ముందు నమాజుల లెక్క, మాటల లెక్క చూసుకొనే విశ్వాసి తన వృత్తి పని లెక్కను ఎందుకు వదిలివేయాలి?

సమయం కూడా అమానతే

1990 జనవరి 1 నుంచి క్నూత్ ఈ-మెయిల్ వాడటం మానేశారు. అప్పటికి పదిహేనేళ్ళుగా దాన్ని వాడిన మనిషి ఆయన. వ్యవహారాల మీద ఎప్పటికప్పుడు కన్నువేసి ఉంచవలసినవారికి అది మేలైనదే కాని, విషయాల అడుగుకు దిగవలసిన తన పనికి దీర్ఘమైన ఏకాగ్రత కావాలని ఆయన వివరణ. ఉత్తరాలను ఒకచోట పోగుచేసి, కొన్ని నెలలకొకసారి ఒకే విడతగా చూస్తారు. బోధన కూడా ముందుగానే విరమించి, 1993లో విశ్రాంత ఆచార్యులయ్యారు. మిగిలిన సంపుటాలు పూర్తిచేయాలన్నదే ఉద్దేశం. రాయటం ఇప్పటికీ మొదట పెన్సిలుతో కాగితం మీదనే. తన ముఖ్యమైన పనికి ఇంటర్‌నెట్ తగిలించని కంప్యూటర్‌ను వాడుతున్నానని ఒక సందర్భంలో చెప్పారు.

అందరికీ ఇది సాధ్యం కాదు. ఆఫీసు మెయిల్ చూడకపోతే ఉద్యోగం నిలవదు. అయితే అల్లాహ్ అస్ర్ సూరాలో కాలం మీద ప్రమాణం చేసి మానవుని నష్టం గురించి హెచ్చరించాడన్న సంగతి మనకు తెలుసు. ఆఫీసు నుంచి వచ్చాక కూడా భోజనాల దగ్గర, పిల్లల మధ్య, ఇషా నమాజు తర్వాత కూడా చేతిలో ఫోన్ వెలుగుతూనే ఉంటే, నష్టపోతున్నది ఏమిటో లెక్కవేసుకోవలసినది మనమే.

పని లేని వేళల్లో

క్నూత్‌కు ప్రోగ్రామింగ్ తప్ప మరో లోకం లేదనుకుంటే పొరపాటు. ఆయన ఆర్గన్ వాద్యాన్ని వాయిస్తారు, ఇంట్లోనే గొట్టాల ఆర్గన్ అమర్చుకున్నారు. ఆయన కూర్చిన సంగీతాన్ని 80వ పుట్టినరోజున, 2018లో, స్వీడన్‌లో తొలిసారి వినిపించారు. సంగీతం విషయంలో మన దారి వేరు కనుక దాన్ని ఇంతటితో విడుస్తాము. భార్యతో ప్రయాణాలు చేస్తూ రోడ్ల పక్కన నిలిపిన వజ్రాకారపు హెచ్చరిక బోర్డుల ఫొటోలు తీసి, ఎక్కడ ఏది ఉన్నదో వివరాలతో సేకరించటం ఆయన మరో సరదా.

మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినది ఆయన గ్రంథ పఠనం. గణాంక శాస్త్రంలో ఒక రాశిని తెలుసుకోవటానికి మచ్చుకు కొన్ని గింజలు తీసి పరీక్షిస్తారు. అదే విధంగా బైబిలులోని ప్రతి పుస్తకం నుంచి మూడో అధ్యాయం పదహారో వాక్యాన్ని మాత్రం తీసుకొని, ఒక్కొక్కదాని మీద వ్యాఖ్యానాలన్నీ వెదకి, లోతుగా అధ్యయనం చేశారు. జర్మనీకి చెందిన లిపికళాకారుడు హెర్మన్ జాప్ తోడ్పాటుతో అనేక దేశాల లిపికారులు ఆ వాక్యాలను చిత్రించారు. 1991లో అది పుస్తకంగా వచ్చింది. 1999లో ఎంఐటీ విద్యాసంస్థలో విశ్వాసం గురించి వరుస ప్రసంగాలు చేశారు. కంప్యూటర్ శాస్త్రజ్ఞులు అరుదుగా నోరు విప్పే విషయం అది. విజ్ఞానం చదివినవాడు విశ్వాసాన్ని ఇంటి గడప లోపల దాచుకోవాలన్న భావన మన యువతలో కొందరికి ఉన్నది. ఈయనకు ఆ జంకు లేదు. మనమో, రోజూ తిలావత్ చేసే ఆయత్‌ల మీద ఒక్కటంటే ఒక్కటి తీసుకొని, ఇంటిల్లిపాదీ కూర్చొని అంత లోతుగా తదబ్బుర్ చేసే రోజు నెలకు ఎన్నిసార్లు వస్తున్నది?

మన పిల్లల చేతికి

నేడు ప్రోగ్రాములు రాసిపెట్టే కృత్రిమ మేధ కూడా వచ్చింది. పని తేలికయిందన్న సంతోషంతో పాటు, ఉద్యోగం ఉంటుందా అన్న గుబులు కూడా ఇంటింటా వినబడుతున్నది. యంత్రం రాసినదైనా, మనిషి రాసినదైనా సరిగ్గా ఉన్నదో లేదో తేల్చి చెప్పగలిగినవాని అవసరం పోదు. ఆ చూపు తప్పులను లెక్కగట్టి నేర్చుకున్నవానికే అలవడుతుంది.

కనుక ఈ రంగంలో ఉన్న మా తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము చెప్పదలచినవి మూడు మాటలు. మొదటిది, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. మీ పనిలో దొర్లిన ప్రతి తప్పునూ తేదీతో, కారణంతో రాయండి. ఏడాది తర్వాత చదివితే మీ బలహీనత ఏమిటో మీకే తెలుస్తుంది. రెండవది, తప్పు చూపినవారి మీద ముఖం మాడ్చుకోకండి. వారు మీ పరువు తీయలేదు, మీ అమానత్‌ను కాపాడారు. మూడవది, నేర్చుకున్నదాంట్లో కొంతైనా ఉచితంగా పంచండి. మీ బస్తీలోని బడిలో, మదరసాలో శని, ఆదివారాల్లో ఒక గంట కూర్చొని పిల్లలకు లెక్కలు చెప్పినా చాలు. మనిషి పోయిన తర్వాత కూడా పుణ్యం అందించే వాటిలో ప్రయోజనకరమైన విద్య ఒకటని మనకు తెలుసు.

క్నూత్ తన టెక్ ప్రోగ్రామ్‌కు ఇచ్చే సంచిక సంఖ్యలు కూడా ఒక ఏర్పాటు ప్రకారం సాగుతాయి. దోషాలు దిద్దిన ప్రతిసారీ అది వృత్త గణితంలోని 'పై' విలువకు ఒక్కో అంకె దగ్గరవుతుంది. మొదట 3.1, తర్వాత 3.14, అలా సాగి 2021లో 3.141592653 అయింది. 'పై' అంకెలకు అంతం లేదు. మనిషి పని పరిపూర్ణతకు దగ్గరవుతుందే కాని దాన్ని అందుకోలేదని ఆ అంకెలు గుర్తు చేస్తాయి. లోపం లేనిది అల్లాహ్ పని ఒక్కటే. మనం చేయగలిగినది, చేయవలసినది, రేపటి పనిని ఇవాళ్టి పనికన్నా ఒక్క అంకె మెరుగ్గా చేయటం. ఈసారి ఇంటికి ఉద్యోగ శుభవార్త వచ్చినప్పుడు కంపెనీ పేరు, జీతం అడిగిన తర్వాత ఆ మూడో ప్రశ్న కూడా అడుగుదాం. బిడ్డ చెప్పే సమాధానాన్ని ఓపికగా విందాం.